తాళంచెవి ఇచ్చేముందు

ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు నలుగురు కలిస్తే వినిపించే మాటలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అద్దె వేళకు రాదు, గోడలనిండా మేకులు కొట్టారు, కరెంటు బిల్లు ఎగ్గొట్టి పోయారు, ఖాళీ చెయ్యమంటే చెయ్యరు. అద్దెకుండేవాళ్లు నలుగురు కలిస్తే వినిపించేవి మరో తీరు. అడ్వాన్సు తిరిగివ్వలేదు, గోడ చెమ్మగిల్లుతున్నా పట్టించుకోలేదు, ఏడాది తిరక్కుండానే అద్దె పెంచారు, ఉన్నట్టుండి నెలాఖరుకల్లా వెళ్లిపొమ్మన్నారు. రెండు పక్షాల ఫిర్యాదుల్లోనూ నిజం ఉంది. కాని ఇద్దరూ చివరికి తేల్చే మాట ఒకటుంది, ఎదుటివాళ్లు మంచివాళ్లు కాకపోవడం వల్లే ఇదంతా వచ్చిందని. దాంతో మాత్రం నేను ఏకీభవించలేను. ఈ తగాదాల్లో ఎక్కువ భాగం తాళంచెవి చేతులు మారకముందే పుట్టి ఉంటాయన్నది నా వాదన. ఇల్లు కొన్నప్పుడు వెయ్యని లెక్క నుంచి కొన్ని పుడతాయి, ఇల్లు ఇచ్చినప్పుడు రాసుకోని షరతు నుంచి మరికొన్ని. ఆ రెండూ కుదిరిన చోట ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కూడా వ్యవహారం సాఫీగా సాగిపోతుంది. కుదరని చోట దగ్గరి చుట్టాల మధ్య కూడా మాటలు పోతాయి.

ముందు లెక్క సంగతి చూద్దాం. హైదరాబాదు శివార్లలో 80 లక్షలు పెట్టి రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నారనీ, దాని మీద నెలకు 22 వేలు అద్దె వస్తోందనీ అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 64 వేలు. అంటే పెట్టుబడి మీద నూటికి 3 రూపాయల 30 పైసలు. అదైనా పూర్తిగా చేతికి రాదు. ఒక కుటుంబం వెళ్లి మరో కుటుంబం దిగేలోపు ఒక్క నెల ఖాళీ పడితే 22 వేలు పోయినట్టే. ఆస్తి పన్ను, ఏజెంటు కమీషను, రంగులు, ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పని గీజరు, కారే గొట్టాలు, వీటన్నిటికీ కలిపి సగటున ఏడాదికి 42 వేలు వేసుకుంటే మిగిలేది 2 లక్షలు. అంటే రెండున్నర శాతం. ఆ ఫ్లాటు కోసం 60 లక్షలు అప్పు తెచ్చి ఉంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద 20 ఏళ్ల గడువుకు ఈఎంఐ సుమారు 52 వేలు. వచ్చే అద్దె 22 వేలు. తక్కిన 30 వేలూ నెలనెలా జీతంలోంచి వెయ్యాల్సిందే. అద్దెతోనే వాయిదాలు కట్టేసుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పే మాట ఇలాంటి ఫ్లాటు విషయంలో పొసగదు.

ఈ లెక్క వెయ్యకుండా కొన్న యజమాని మనసు ఎలా పనిచేస్తుందో గమనించండి. అద్దె మీదే వాయిదా ఆధారపడి ఉంది కాబట్టి ప్రతి మరమ్మతూ ఆయనకు దండగలా కనిపిస్తుంది. నిజానికి మరమ్మతు అనేది అద్దె ఆదాయంలో విడదీయరాని ఖర్చు. ఆదాయపు పన్ను లెక్కల్లో సైతం అద్దెలోంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాంట్లో 30 శాతం, రసీదులేవీ అడక్కుండానే, మినహాయింపుగా ఇస్తారు. ప్రభుత్వమే ఇంత ఖర్చవుతుందని ఒప్పుకుంటుంటే, మన యజమానికి అందులో మూడో వంతు ఖర్చయినా నష్టపోయానన్న బాధే. ఆ బాధలోంచే బాత్‌రూములో లీకేజీని వచ్చే నెలకీ ఆ పై నెలకీ వాయిదా వెయ్యడం, వేళకు అద్దె కడుతున్నవాళ్ల మీదే పెంపు మోపడం, వాళ్లు విసిగి వెళ్లిపోతే మరో రెండు వేలు ఎక్కువ వస్తుందేమోనని ఇల్లు ఖాళీగా ఉంచడం, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ రెండు వేల సంగతే చూడండి. 22 వేల ఇంటిని 24 వేలకు ఇవ్వాలని ఒక్క నెల ఆగితే పోయేది 22 వేలు. నెలకు రెండు వేల చొప్పున అది పూడటానికి సరిగ్గా 11 నెలలు కావాలి. అంటే మామూలుగా రాసుకునే అగ్రిమెంటు గడువు ముగిసే రోజుకు పోయింది పోయినట్టు వస్తుందే తప్ప, ఒక్క రూపాయి మిగలదు.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇల్లు కొనేది అద్దె కోసమా, రేపు విలువ పెరుగుతుందని కదా అంటారు. పెరిగిన మాట వాస్తవమే. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో భూమి ధర ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. కాని అక్కడ పెరిగింది ప్రధానంగా నేల విలువ. ఫ్లాటు కొన్నవాళ్ల వాటాకు వచ్చే నేల కొన్ని గజాలే. దాని మీదున్న కట్టడం ఏటేటా పాతబడుతూనే ఉంటుంది. పైగా ధర పెరగడమన్నది యజమాని చేతిలో ఉన్న విషయం కాదు. అమరావతికి 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు చుట్టుపక్కల స్థలాలు కొన్నవాళ్లు ఎన్నో లెక్కలు వేసుకున్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే ఆ లెక్కలు తారుమారయ్యాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ ఆశలు లేచాయి. ఈ ఎత్తుపల్లాలను తట్టుకోగలిగింది అప్పుల ఒత్తిడి లేకుండా ఆగగలిగినవాళ్లే. కాబట్టి విలువ పెరుగుతుందనే ఆశతో కొనడంలో తప్పులేదు. ఆ ఆశ ఎన్నడో అమ్మిన రోజున తీరుతుంది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్టాలి. మధ్యనున్న ఆ కాలమంతా యజమానిని నిలబెట్టేది సజావుగా నడిచే అద్దె వ్యవహారమే.

ఇక రెండోదానికి, అంటే కాగితానికి వద్దాం. మన దగ్గర అద్దె అగ్రిమెంటు అంటే వంద రూపాయల స్టాంపు కాగితం మీద 11 నెలలకు రాసిన రెండు పేజీలు. 11 నెలలే ఎందుకంటే చాలామంది చెప్పే కారణం, అంతకు మించితే అద్దెకున్నవాళ్లకు ఇంటి మీద హక్కు వచ్చేస్తుందని. అసలు కారణం వేరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని మూల నియమం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ ఆ తిరుగుడూ తప్పించుకోవడానికి ఏడాదికి ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటైంది. 12వ నెల నుంచి ఏమవుతుందో ఎవరూ ఆలోచించరు. కొత్త కాగితం రాసుకోకుండా అద్దె ఇచ్చిపుచ్చుకుంటూ పోతే అది నెలసరి అద్దె కింద మారుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం అలాంటి నివాసపు అద్దెను ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. బడికెళ్లే పిల్లలున్న కుటుంబానికి ఆ 15 రోజులు ఏం సరిపోతాయి? ఏడాది మధ్యలో ఇల్లు ఖాళీ అయితే వెంటనే మరొకరు దొరుకుతారన్న భరోసా యజమానికి మాత్రం ఎక్కడుంది? తనకు రక్షణ అనుకుని ఎవరికి వారు నమ్ముతున్న కాగితం ఇద్దరినీ గాలికే వదిలేస్తోంది.

పన్నెండేళ్లు ఉంటే ఇల్లు అద్దెకున్నవాళ్లదైపోతుందన్న భయం కూడా ఇలాంటిదే. పన్నెండేళ్ల గడువు చట్టంలో ఉన్నమాట నిజం. కాని అది యజమాని హక్కును కాదని, ఇది నాదేనని బాహాటంగా అనుభవిస్తున్నవాళ్ల సంగతి. అద్దె కట్టేవాళ్లు యజమాని అనుమతితో ఉన్నవాళ్లు. అద్దెకున్నంత కాలం యజమాని హక్కును కాదనే అవకాశం సాక్ష్య చట్టమే వాళ్లకు ఇవ్వదు. అయితే ఇక్కడొక చిక్కుంది. ఆ మనిషి అద్దెకే ఉన్నాడని రుజువు చెయ్యాల్సిన పరిస్థితి వస్తే చూపించేదేమిటి? అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు ఖాతాలో పడ్డ నెలవారీ అద్దె. పన్ను లెక్కలోకి రాకూడదని అద్దెను చేతికి తీసుకుని రసీదు ఇవ్వని యజమాని, తాను భయపడుతున్న ప్రమాదానికి తానే తలుపు తీస్తున్నాడు. నాలుగు వేల పన్ను మిగుల్చుకోబోయి ఇంటి మీద తన హక్కుకున్న మంచి సాక్ష్యాన్ని వదులుకుంటున్నాడు.

అందువల్ల రెండేళ్లకో మూడేళ్లకో లీజు రాసుకుని రిజిస్టర్ చేయించడం, ఏటా ఎంత శాతం పెంచాలో ముందే వేసుకోవడం, ఎవరు ముగించాలన్నా రెండు నెలలో మూడు నెలలో నోటీసు పెట్టుకోవడం ఇద్దరికీ మేలు. అంత కాలానికి రాసిస్తే మనం ఇరుక్కుపోమా అని యజమానులు అడుగుతారు. అద్దె ఎగవేస్తే లీజు రద్దవుతుందన్న షరతు అందులోనే పెట్టుకోవచ్చు కాబట్టి ఇరుక్కునేదేమీ లేదు. ఖాళీ చేయించడానికి కోర్టుకు వెళ్లాల్సి వస్తే 11 నెలల కాగితమున్నా, మూడేళ్ల కాగితమున్నా వెళ్లాల్సిందే. తేడా అక్కడికి వెళ్లాక తెలుస్తుంది. స్టాంపు సుంకం తక్కువ పడ్డ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలంటే తక్కువైన సుంకంతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టాల్సి రావచ్చు. రిజిస్టర్ చెయ్యాల్సిన లీజును చెయ్యకపోతే అందులోని షరతులను కోర్టు చూడనే చూడదు.

ఆ కాగితంలో ఏముండాలి? అద్దె, అడ్వాన్సు, గడువు అందరూ రాస్తారు. తగాదా వచ్చేది మాత్రం మరమ్మతుల దగ్గర. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికొక పట్టిక ఉంది. గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పాడైన నీటి గొట్టాలు మార్చడం, వైరింగు, కట్టడానికి సంబంధించిన మరమ్మతులు యజమాని వంతు. కుళాయి వాషరు మార్చడం, కాలువలు శుభ్రం చేయించడం, స్విచ్చులూ సాకెట్లూ బాగుచేయించడం, పగిలిన కిటికీ అద్దం వేయించడం, గీజరు మరమ్మతు అద్దెకున్నవాళ్ల వంతు. ఇంత చిన్న విషయాలు చట్టంలో రాయాలా అనిపిస్తుంది. కాని కుళాయి కారడానికి కారణం వాషరా, గోడలోపలి గొట్టమా అన్న ప్రశ్న దగ్గరే నెలల తరబడి మొహాలు చూసుకోవడం మానేసిన ఇళ్లు ఎన్ని లేవు? అదే నమూనా చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది, యజమాని ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలంటుంది. నమూనా చట్టం రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటే గాని అమల్లోకి రాదు. అయితే ఆ పట్టికను తెచ్చి మన అగ్రిమెంటులో అతికించుకోవడానికి ఏ ప్రభుత్వం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

అడ్వాన్సులోంచి రంగులకని ఒక నెల అద్దె కోసుకునే వాడుక కూడా ఇందులోకే వస్తుంది. ఆస్తి బదలాయింపు చట్టం ఏమంటుందంటే, ఇల్లు తీసుకున్నప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మినహా. రెండేళ్లు కాపురమున్న ఇంట్లో రంగు వెలియడం అరుగుదల. తలుపుకు కన్నం పెట్టడం నష్టం. రెండిటికీ మధ్య గీత ఎక్కడో తేల్చాలంటే మొదటి రోజు ఇల్లు ఎలా ఉందో తెలియాలి. దానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. దిగే రోజున ఇద్దరూ కలిసి గది గదికీ ఫోన్లో ఫోటోలు తీసుకోవాలి. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని లైట్లు, గీజరు పనిచేస్తోందా, కరెంటు మీటరు రీడింగు ఎంత అన్నది రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. కరెంటు సర్వీసు యజమాని పేరు మీద ఉంటుంది కాబట్టి వెళ్లేవాళ్లు వదిలేసిన బకాయి ఆయన మెడకే చుట్టుకుంటుంది. అపార్టుమెంటు మెయింటెనెన్సు ఎవరిది, వేసవిలో బోరు ఎండితే వచ్చే ట్యాంకర్ల ఖర్చు ఎవరిది అన్న రెండు వాక్యాలు కూడా అక్కడే చేర్చుకుంటే సగం చిక్కులు ముందే తీరిపోతాయి.

కాగితాలు ఎన్ని రాసుకున్నా కోర్టులో ఏళ్లు పడుతుంది కదా, ఇవన్నీ దేనికి అనే అభ్యంతరం బలమైనదే. మన సివిల్ కోర్టుల్లో జాప్యాన్ని ఎవరూ కాదనలేరు. రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్తే త్వరగా తేలుతుందని ఇంకా నమ్ముతున్నవాళ్లున్నారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను పాత అద్దె నియంత్రణ చట్టం నుంచి తప్పించింది. ఇవాళ హైదరాబాదులో ఆ అద్దెకు మంచి గది ఒక్కటి దొరకడమే గగనం. అందుకే అక్కడ తగాదాలు సివిల్ కోర్టుకు చేరతాయి. అలాగని తాళం పగలగొట్టి సామాను బయట పెట్టడం, కరెంటు తీసేయించడం దారి కాదు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేస్తే ఆ మనిషి ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి, ఇల్లు ఎవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండానే, తిరిగి లోపలికి రావచ్చు. కోర్టు నిదానమైనప్పుడే కాగితం విలువ మరింత పెరుగుతుంది. ఈ మనిషి అద్దెకున్నాడా, అద్దె ఎంత, ఎన్నాళ్లుగా బాకీ, నోటీసు ఎప్పుడిచ్చారు, విచారణ సాగదీసేది ఈ నాలుగు ప్రశ్నలే. నాలుగింటికీ కాగితం మీద జవాబుంటే సాగదీయడానికి మిగిలేది తక్కువ. గెలవలేమని తెలిసిన అవతలి పక్షం కోర్టు దాకా పోకుండా బాకీలో కొంత వదులుకుంటే ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని రాజీకి రావడమూ మామూలే.

ఎవరికి ఇవ్వాలన్న దగ్గర కూడా మనం చూసేవి వేరు, చూడాల్సినవి వేరు. ఏ కులం, మాంసం తింటారా, పెళ్లయిందా అని అడిగి తిప్పి పంపే ఇళ్లు మన ఊళ్లలో కొల్లలు. వీటిలో ఏ ఒక్కటీ ఆ మనిషి అయిదో తేదీకల్లా అద్దె కడతాడా లేదా అన్నది చెప్పదు. ఉద్యోగమేమిటి, ఇప్పటి అద్దె ఎన్నాళ్లుగా ఎలా కడుతున్నారు, పాత ఇంటి యజమాని ఏమంటారు అన్నవి చెబుతాయి. వడపోత ఎంత బిగిస్తే ఇల్లు అన్ని రోజులు ఎక్కువ ఖాళీగా ఉంటుంది. మనుషులకు జరిగే అవమానం ఒకటైతే, ఖాళీగా గడిచిన నెలలు యజమాని జేబుకు పడే చిల్లు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లది ప్రత్యేకమైన చిక్కు. అమెరికాలో కొడుకు పేరు మీద ఫ్లాటు, ఇక్కడ చూసుకునేది తండ్రి. అద్దెకిచ్చే అధికారం ఆయనకుందని చూపే పవర్ ఆఫ్ అటార్నీ లేకపోతే ఆయన సంతకానికి విలువ తక్కువ. మరో సంగతి చాలామంది అద్దెదారులకు తెలియదు. ఇక్కడి యజమానికైతే వ్యక్తులు కట్టే అద్దె నెలకు 50 వేలు దాటినప్పుడే టీడీఎస్ కోయాలి. 2024 అక్టోబరు నుంచి దాని రేటు 2 శాతం. యజమాని ప్రవాస భారతీయుడైతే ఆ 50 వేల పరిమితి వర్తించదు, సెస్సుతో కలిపి 31.2 శాతం కోసి ప్రభుత్వానికి జమ చెయ్యాలి. చెయ్యకపోతే తాఖీదు వచ్చేది అద్దె కట్టినవాళ్లకే. తక్కువ రేటుకు అనుమతి తెచ్చుకునే వీలు యజమానికి ఉంది. ఇది కూడా తాళంచెవి ఇచ్చేముందు మాట్లాడుకోవాల్సిన విషయమే.

చివరి అభ్యంతరం మనసుకు సంబంధించింది. తెలిసినవాళ్ల దగ్గర ఇన్ని రాతకోతలేమిటి, అపనమ్మకంగా ఉంటుంది కదా అంటారు. తెలిసినవాళ్ల మధ్యే ఇది మరింత అవసరం. ఆరు నెలలు గడిస్తే ఇద్దరి జ్ఞాపకాలూ చెరో దారి పడతాయి, మొహమాటం వల్ల ఎవరూ నోరు విప్పరు. కాగితమంటే యజమానులకే లాభమనుకునే అద్దెదారులకు నేను చెప్పేది ఒకటే. షరతు రాయకపోతే బలం ఉన్నవాళ్ల మాటే షరతవుతుంది. ఇళ్లు దొరకని నగరంలో ఆ బలం మీది కాదు. యజమానుల భయం కూడా చివరికి మీ మీదే పడుతుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని పట్టణాల్లో కోటికి పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. వాటిలో అద్దెకిస్తే తిరిగి రాదేమోనన్న భయంతో తాళం వేసి ఉంచినవీ ఉన్నాయి. ఆ తాళాలు తీసినంత మేరకు అద్దెలు దిగుతాయి.

కాబట్టి మీ ఇల్లు ఖాళీ అవుతుంటే, టూలెట్ బోర్డు కట్టేముందు రెండు కాగితాలు తయారు చేసుకోండి. ఒకదాని మీద ఖాళీ నెలలూ మరమ్మతులూ కలుపుకుని మీ అసలు ఆదాయం ఎంతో లెక్క. రెండోదాని మీద ఎవరి వంతు ఏమిటో షరతులు. మొదటిది మీ దగ్గరే ఉంచుకోండి, రెండోది వచ్చినవాళ్లకు చదివి వినిపించండి. అద్దెకు వెళ్లబోతున్నవాళ్లయితే అడ్వాన్సు చేతిలో పెట్టకముందే ఆ రెండో కాగితం అడిగి తీసుకుని చదవండి. రాసివ్వడానికి వెనకాడే చోట ఇల్లు ఎంత బాగున్నా, మరో వీధిలో మరో బోర్డు చూసుకోవడమే మేలు.